ఆరేళ్లు వచ్చేదాకా ఆగనక్కరలేదు

మన దేశంలో పిల్లలకు చదువు మీద హక్కు ఆరో ఏట మొదలవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకు ఉన్న పిల్లల గురించి మాట్లాడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల దాకా ఉచిత విద్యను హామీ ఇచ్చినా, మొదలు మాత్రం ఆ ఆరేళ్ల దగ్గరే పెట్టింది. కాగితం మీద ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, వైకల్యం ఉన్న పిల్లలను తోటి పిల్లలతో కలిపి చదివించే సహిత విద్య ఉపాధ్యాయురాలిగా కోనసీమలో ఊరూరా తిరిగే నాకు ఆ అంకె వల్ల జరిగే నష్టం ఏటా జూన్ నెలలో కళ్లెదుట కనబడుతుంది. వైకల్యం ఉండి, ఆరేళ్లు నిండిన బిడ్డను తల్లి చంకన వేసుకుని మొదటిసారిగా బడికి తీసుకొస్తుంది. అంతవరకు ఆ బిడ్డ ఇంటి అరుగు దాటలేదు. వీధి చివరనే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. బిడ్డ పేరు రిజిస్టరులో ఉంది. మొదట బాలామృతం, తరువాత గుడ్లు, పాలు ఇంటికి వస్తూనే ఉన్నాయి. బిడ్డ మాత్రం ఒక్కనాడూ ఆ కేంద్రంలో కూర్చోలేదు.

రాజ్యాంగం ఈ వయసును పూర్తిగా వదిలేయలేదు. 2002లో జరిగిన 86వ సవరణ తరువాత 45వ అధికరణం, ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతోంది. అయితే అది ఆదేశిక సూత్రమే గనుక, దాన్ని పట్టుకుని ఏ తల్లీ కోర్టు మెట్లెక్కి అడగలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించింది. ఆ గుర్తింపు వైకల్యం ఉన్న బిడ్డ ఇంటి గుమ్మం దాకా చేరాలంటే దారి ఒకటే ఉందని నా నమ్మకం. తోటి పిల్లలు మూడో ఏట ఏ అంగన్‌వాడీకి వెళ్తారో, అదే రోజున, అదే గదికి ఈ బిడ్డ కూడా వెళ్లాలి. వైకల్య ధ్రువపత్రం వచ్చాక, నడక వచ్చాక, మాట వచ్చాక అని ఆగకూడదు.

ఈ ఆగడం వెనుక ఉన్నది నిర్లక్ష్యం కాదు, చాలా ఇళ్లలో అది ప్రేమే. "వాళ్ల నాన్నకీ నాలుగో ఏటగాని మాట రాలేదండి టీచరుగారూ, వీడికీ వచ్చేత్తాది" అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. మాట ఆలస్యమైన పిల్లల్లో కొందరికి తరువాత దానంతట అదే వస్తుందన్నది నిజమే. కాని ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో అరుగు మీద కూర్చుని చెప్పగలిగిన వారెవరూ లేరు. వినికిడి లేని పసికందు కూడా తొలి నెలల్లో ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. వెనుక నుంచి పళ్లెం మోగిస్తే, గాలి కదలిక వల్లనో, నేల అదురు వల్లనో, పక్కవాళ్ల చూపును బట్టో తల తిప్పుతుంది. అందుకే ఇంట్లో చేసే పరీక్షలన్నింటిలోనూ బిడ్డ నెగ్గుతుంది, రెండేళ్లు దాటిపోతాయి. మాటకు పునాది పడేది సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపాన్ని త్వరగా కనిపెట్టవలసిన అవసరం మరీ ఎక్కువ. తల్లికి గర్భిణిగా ఉన్నప్పుడే ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. టీకాల తేదీల కోసం అందరూ ఆ కార్డు తెరుస్తారు, ఆ బొమ్మల పేజీ మాత్రం తెరిచేవారు తక్కువ. ఏడాదిన్నరకు నడక రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా అంగన్‌వాడీ టీచరుకు గాని, ఏఎన్‌ఎంకు గాని ఆ వారంలోనే చెప్పడం మంచిది.

రెండో కారణం సదరం. ఆ పేరుతో ఇచ్చే వైకల్య ధ్రువపత్రం కోసం ఊరి సచివాలయంలో స్లాటు బుక్ చేసుకోవడం, శిబిరానికి వెళ్లడం, శాతం ఎంత వేస్తారోనని ఎదురుచూడడం, ఇదంతా కుటుంబం శక్తిని నెలల తరబడి తినేస్తుంది. నలభై శాతం గాని అంతకు మించి గాని ఉంటే పింఛను వస్తుంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో అది నెలకు 6,000 రూపాయలు. కూలి చేసుకునే ఇంటికి ఆ డబ్బు ఎంత ఆసరాయో నాకు తెలుసు గనుక, దానికోసం తిరగవద్దని నేను ఎవరికీ చెప్పను. అయితే ఆ శాతం పింఛనుకు గీసిన గీతే గాని బడిలో చేర్చుకోవడానికి కాదు. వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను, ప్రభుత్వ నిధులతో నడిచేవైనా, గుర్తింపు పొందినవైనా విద్యాసంస్థలు వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సౌకర్యాలు కల్పించాలని చెప్పినప్పుడు ఏ శాతాన్నీ, ఏ వయసునూ ప్రస్తావించలేదు. ముప్పై శాతం వచ్చిందని పింఛను రాని బిడ్డ ఇంటికే పరిమితం కావడం, ఎనభై శాతం వచ్చిందని "ఇంకేం చదువుతాడులెండి" అనిపించుకున్న బిడ్డా ఇంటికే పరిమితం కావడం, రెండూ నేను చూశాను.

మూడో కారణం గురించి కుటుంబాలు మాట్లాడవు, కేంద్రాలూ మాట్లాడవు. అది మలమూత్రాలు. "చెప్పడం వచ్చాక పంపండి" అన్న ఒక్క మాటతో ఎంతమంది పిల్లలు వెనక్కి వెళ్లారో ఏ రికార్డులోనూ ఉండదు. నడుము నిలవని బిడ్డను మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. గోడకు పట్టుకునే కడ్డీ కావాలి, నీళ్లు కావాలి, మార్చడానికి బట్టలు కావాలి. ఈ పనంతా ఆయా మీద పడుతుంది. వంట చేసేదీ, గది ఊడ్చేదీ, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకొచ్చేదీ ఆవిడే. 2023 డిసెంబరులో మొదలై 2024 జనవరి దాకా సాగిన 42 రోజుల సమ్మె నాటికి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. సహిత విద్య గురించి సభల్లో చెప్పే మంచి మాటలన్నీ చివరకు ఈ ఏడు వేల రూపాయల మనిషి చేతుల్లోకి వచ్చి ఆగుతాయి. ఆమెకు శిక్షణ ఇవ్వకుండా, ఆమె పని గంటలు లెక్కలోకి తీసుకోకుండా, ఒక బిడ్డను అదనంగా అప్పగించి "చూసుకోమ్మా" అనడం అన్యాయమని నేను ఎక్కడైనా చెబుతాను. వైకల్యం ఉన్న పిల్లలు చేరిన కేంద్రానికి రోజులో కొన్ని గంటలైనా మరో మనిషిని ఇవ్వాలి. ఆ పనికి ఆ బిడ్డ తల్లినే బలవంతంగా కూర్చోబెట్టడం సరికాదు. ఆవిడకు ఆ మూడు నాలుగు గంటలు కూలికి పోవడానికో, కాస్త నడుము వాల్చడానికో కావాలి.

ఇక కేంద్రం లోపల ఏం చేయాలన్న ప్రశ్న. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 నవంబరులో దివ్యాంగ బాలల కోసం ప్రత్యేకంగా ఒక అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. లోపాన్ని ముందుగా కనిపెట్టడం, కేంద్రంలో కలుపుకోవడం, అవసరమైన చోటికి పంపడం, కుటుంబానికి తోడు నిలవడం అందులోని సారాంశం. ఆ దారి సరైనదే. కాని గదిలోకి వచ్చిన బిడ్డను ఎలా కూర్చోబెట్టాలి అన్నదే తొలిరోజు ప్రశ్న. మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) ఉన్న బిడ్డనే తీసుకుందాం. మెదడుకు జరిగిన దెబ్బ పెరిగేది కాదు. అయితే కాళ్లు కత్తెరలా ముడుచుకుని, ఒకే పక్కకు పడుకుని రోజులు గడిస్తే కండరాలు బిగిసి, కీళ్లు వంకరపోవడం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అలాంటి బిడ్డను గదిలో రెండు గోడలు కలిసే మూలలో, వీపు ఆనేలా, కాళ్ల మధ్య గట్టి దిండు పెట్టి కూర్చోబెడితే రెండు చేతులూ ఆటకు ఖాళీ అవుతాయి. మన దగ్గర కొబ్బరి పీచుకు కొదువ లేదు, పీచు కుక్కి గట్టిగా కుట్టిన దిండు దీనికి చక్కగా సరిపోతుంది. వెనుక, పక్కల దన్ను ఉండే చిన్న కుర్చీని కొలతలిస్తే ఊరి వడ్రంగి చేసి ఇస్తాడు. ఆ కొలతలు మాత్రం మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టు చేత తీయించాలి, ఎందుకంటే ఎత్తు నాలుగు వేళ్లు తప్పినా పాదాలు నేలకు ఆనవు, పాదాలు ఆనకపోతే నడుము నిలవదు.

తిండి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇంట్లో తల్లి ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి తినిపించే అలవాటు చాలామందికి ఉంది. మింగడం కష్టమైన బిడ్డకు అలా పెడితే అన్నం ఊపిరి గొట్టంలోకి జారే ప్రమాదం ఉంది, తరచూ వచ్చే దగ్గు, న్యుమోనియాలకు అదొక కారణం. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, గుడ్డును మెత్తగా మెదిపి పప్పన్నంలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా నాలుక మీద ఉంచి, మింగేదాకా ఆగాలి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే కొన్నాళ్లకు బిడ్డే పట్టుకుంటుంది. తోటి పిల్లలతో పాటు వరుసలో కూర్చుని తినడం ఆ బిడ్డ జీవితంలో కొత్త విషయం. ఇంట్లో అందరూ తిన్నాకనో, అందరికంటే ముందో ఒక్కటే తినడం దానికి తెలుసు.

వినికిడి లోపం ఉన్న పిల్లల గురించి నేను కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చేర్చుకోవడం ఒక్కటే సరిపోదు. చెవి యంత్రం పెట్టిన బిడ్డకు అన్నీ వినిపిస్తాయని చాలామంది టీచర్లు అనుకుంటారు. యంత్రం మాటనే కాదు, గదిలోని ప్రతి చప్పుడునూ పెంచుతుంది. రేకుల కప్పు మీద వాన కురుస్తున్నప్పుడు ఆ బిడ్డకు టీచరు గొంతు బదులు వానే వినిపిస్తుంది. అందుకని దగ్గరగా, ఒక మీటరు లోపు కూర్చుని, వెలుతురు టీచరు ముఖం మీద పడేలా చూసుకుని మాట్లాడాలి. కిటికీకి వీపు పెట్టి మాట్లాడితే పెదవులు చీకట్లో ఉంటాయి. మన డెల్టా గాలిలోని చెమ్మ యంత్రాలను త్వరగా పాడుచేస్తుంది, రాత్రి పూట తీసి, తేమ పీల్చే సిలికా గింజల పొట్లంతో బిగుతు మూత డబ్బాలో పెట్టాలన్న సంగతి యంత్రం ఇచ్చేటప్పుడే చెప్పాలి.

అయినా యంత్రంతో, చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ శస్త్రచికిత్సతో కూడా మాట పూర్తిగా అందని పిల్లలు ఉంటారు. అలాంటి బిడ్డను ఇరవైమంది వినే పిల్లల మధ్య కూర్చోబెట్టి, సైగ భాష తెలిసిన వారెవరూ లేకుండా వదిలేస్తే, ఆ బిడ్డ గదిలో ఉన్నా ఒంటరే. చెవిటి, అంధ విద్యార్థులకు వారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధన జరగాలని 2016 చట్టం చెబుతోంది, 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం కూడా అదే చెబుతోంది. ఇక్కడ నా అభిప్రాయం కొందరు సహోద్యోగులకు నచ్చదు. భారతీయ సైగ భాష నేర్పితే బిడ్డ మాట్లాడడం మానేస్తుందన్న భయాన్ని నేను ఒప్పుకోను. మూడేళ్ల బిడ్డకు ఏదో ఒక భాష పూర్తిగా అందాలి. అది నోటితో వచ్చినా, చేతితో వచ్చినా ఆలోచనకు ఆధారం దొరుకుతుంది. టీచరు, ఆయా, తల్లి, పక్కన కూర్చునే పిల్లలు కలిసి రోజువారీ సైగలు నేర్చుకోవడం కష్టం కాదు. పిల్లలైతే పెద్దవాళ్ల కంటే ముందే నేర్చేస్తారు. నేర్చిన సైగలతో భోజనాల వేళ దూరం నుంచి కబుర్లు చెప్పుకుంటారు కూడా. కాని రోజువారీ సైగలు పూర్తి భాష కావు. వారానికి ఒక్కసారైనా సైగ భాష బాగా తెలిసిన బధిర వ్యక్తి కేంద్రానికి వచ్చి పిల్లలతో గడిపే ఏర్పాటు ఉండాలి. ఇప్పటికి నేను తిరిగే ఊళ్లలో అది లేదు.

ఆటిజం ఉన్న బిడ్డకు కావలసినవి వేరు. ఇప్పుడు పాట, తరువాత గుడ్డు, ఆ తరువాత ఇసుక ఆట అని గోడ మీద వరుసగా బొమ్మలు అంటించి, ఒకటి కాగానే దాన్ని తీసి పక్కన పెడితే, రాబోయేదేమిటో తెలిసి బిడ్డ కుదురుగా ఉంటుంది. గుండ్రంగా కూర్చోమని బలవంతపెట్టకుండా, గది అంచున తిరుగుతూ వినే స్వేచ్ఛ ఇవ్వాలి. తిరుగుతూనే పాట మొత్తం నేర్చుకుని ఇంటికి వెళ్లి తల్లికి పాడిన పిల్లలున్నారు. చూపు తక్కువ ఉన్న బిడ్డకు తెల్లటి పళ్లెంలో తెల్లటి అన్నం కనిపించదు, ముదురు రంగు పళ్లెం మార్చితే చాలు.

ఇవన్నీ మిగతా పిల్లల చదువును వెనక్కి లాగుతాయని భయపడే తల్లిదండ్రులకు ఒక చరిత్ర చెప్పాలనిపిస్తుంది. ఈనాడు ఖరీదైన ప్రీ స్కూళ్లు గొప్పగా చెప్పుకునే మాంటిస్సోరి పద్ధతి పుట్టింది వైకల్యం ఉన్న పిల్లల దగ్గరే. రోమ్‌లో వైద్యురాలైన మరియా మాంటిస్సోరి, బుద్ధిమాంద్యం ఉన్నవారని పక్కన పెట్టిన పిల్లలతో పనిచేస్తూ, అంతకుముందు ఫ్రాన్స్‌లో ఇటార్డ్, సెగాన్ అనే వైద్యులు అలాంటి పిల్లల కోసమే తయారుచేసిన సామగ్రిని మెరుగుపరిచి, 1907లో సాన్ లొరెంజో పేటలోని మామూలు పిల్లలకు వాడింది. 1939లో ఆవిడ మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. వేలితో తడిమి గరుకు అక్షరాలు నేర్చుకునే పిల్లలందరూ ఆ తొలి పిల్లలకు రుణపడి ఉన్నారు. మన కేంద్రాల్లో కూడా, చూపు తక్కువ ఉన్న బిడ్డ కోసం పళ్లెంలో ఇసుక పోసి "అ" రాయిస్తే, మిగతా పిల్లలందరూ ఆ పళ్లెం కోసమే పోటీ పడతారు. "పక్కవాడిని చూసి మావాడూ అలాగే నడుస్తాడేమో" అన్న భయం కొన్ని ఇళ్లలో ఉంటుంది. పిల్లలు ఒకటి రెండు రోజులు అనుకరించడం నిజమే, అది వాళ్లు కొత్త మనిషిని తెలుసుకునే తీరు, ఆ తరువాత మానేస్తారు. ఆ ఒకటి రెండు రోజులు కోప్పడకుండా ఓపిక పట్టగల టీచరుకు ఇబ్బంది ఉండదు.

వైద్యం వైపు ఏర్పాట్లు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందం ప్రతి అంగన్‌వాడీకీ ఏడాదికి రెండుసార్లు రావాలి. లోపం కనబడిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. చిక్కు ఎక్కడంటే, బృందం వచ్చిన రోజున కేంద్రంలో ఉన్న పిల్లలనే చూస్తుంది. ఎవరిని తప్పక చూడాలో ఆ బిడ్డే ఆ రోజు ఇంట్లో ఉంటుంది. అలా చూసినా, ఆ కాగితం ఆరోగ్య శాఖ దగ్గర, బిడ్డ పేరు అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ దగ్గర, సహిత విద్య సిబ్బంది విద్యా శాఖ దగ్గర ఉండి, ముగ్గురూ ఒకరి జాబితా ఒకరు చూసుకోకుండా ఏళ్లు గడుస్తాయి. మండలంలో నెలకొకసారి ఈ ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పేర్లు సరిచూసుకుంటే కొత్త పథకమేదీ అక్కరలేదని నా గట్టి నమ్మకం.

దూరం కూడా ఈ డెల్టాలో ఒక సమస్యే. లంక గ్రామాల నుంచి అమలాపురమో, కాకినాడ పెద్దాసుపత్రికో బిడ్డను ఎత్తుకుని వెళ్లాలంటే పడవ, ఆటో, బస్సు మారాలి, ఒక రోజు కూలి పోతుంది. జులై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరదొచ్చి పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక వంటి ఊళ్లు పడవల మీదే రాకపోకలు సాగించేటప్పుడు, వారం వారం థెరపీ అన్న మాటకు అర్థమే ఉండదు. అందుకే థెరపిస్టు చూపిన వ్యాయామాలను అంగన్‌వాడీ ఆటల్లోనే కలిపేయాలని నేను పట్టుబడతాను. బంతి అందుకోవడం, ఇసుకలో మోకాళ్ల మీద నిలబడడం, పాటకు చేతులెత్తడం, ఇవన్నీ రోజూ జరిగే పనులే. వరద ముందు వరకు సాధించినది వరద తగ్గేలోపు పోకుండా ఉండడానికి ఇదొక్కటే ఆధారం. సహాయ శిబిరాలు పెట్టేటప్పుడు కదలలేని పిల్లలున్న ఇళ్ల జాబితా అంగన్‌వాడీ టీచరు దగ్గర సిద్ధంగా ఉండడం వల్ల వాళ్లను మొదటి పడవలోనే తరలించవచ్చు.

ఇలా మూడేళ్లు అంగన్‌వాడీలో గడిపిన బిడ్డ ఒకటో తరగతికి వెళ్లేటప్పుడు సంపాదించుకున్నదంతా గుమ్మం దగ్గరే జారిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే కొత్త టీచరుకు ఆ బిడ్డ గురించి ఏమీ తెలియదు. అందుకని బిడ్డతో పాటు ఒక కాగితం వెళ్లాలి. ఎలా కూర్చోబెడితే చేతులు పనిచేస్తాయి, ఏ చెవి వైపు నుంచి మాట్లాడాలి, దాహమైతే, దొడ్డికి వెళ్లాలంటే ఏ సైగ చేస్తుంది, ఏ చప్పుడుకు భయపడుతుంది, ఎంతసేపు ఒక పని మీద నిలుస్తుంది, ఎవరి పక్కన కూర్చుంటే సంతోషంగా ఉంటుంది, గత ఏడాదిలో కొత్తగా ఏం నేర్చుకుంది, ఆసుపత్రికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అన్నవి అందులో ఉండాలి. రోగం పేరు చివరన రాసినా సరిపోతుంది. ఆ కాగితాన్ని వేసవి సెలవులకు ముందే, ఏప్రిల్‌లోనే, అంగన్‌వాడీ టీచరు బిడ్డను, తల్లిని వెంటబెట్టుకుని బడికి వెళ్లి అందజేస్తే, మెట్ల పక్కన వాలు దారి వేయించడానికో, తరగతి గదిని కింది అంతస్తుకు మార్చడానికో ప్రధానోపాధ్యాయులకు సమయం ఉంటుంది. రాయడం ఎలాగో తెలియని టీచర్లు తమ మండలంలోని భవిత కేంద్రానికి వచ్చి సహిత విద్య ఉపాధ్యాయులను అడగవచ్చు, కలిసి కూర్చుని రాస్తాం. దీనికి సదరం పత్రం గాని, శాతం గాని అక్కరలేదు.